సలేశ్వరం: దిగేది చల్లపూట, ఎక్కేది మిట్టమధ్యాహ్నం

ఉమామహేశ్వరమో యాదగిరిగుట్టో ఎక్కినవాళ్లకు ఒక లెక్క అలవాటు. పొద్దున్నే ఎక్కేస్తే ఎండ ముదిరేసరికి దిగుడే మిగులుతుంది. సలేశ్వరంలో ఆ లెక్క తలకిందులు. నల్లమల అడవి లోయ అడుగున గుహలో లింగమయ్య, అంటే శివుడు, ఉంటాడు కాబట్టి పోయేటప్పుడు దిగాలి, వచ్చేటప్పుడు ఎక్కాలి. పైగా జాతర చైత్ర పౌర్ణమికి, అంటే ఆకు రాలిన అడవిలో, నీడ లేని ఏప్రిల్ ఎండలో. 'వత్తున్నం లింగమయ్యా' అని అరుస్తూ ఉత్సాహంగా దిగినవాళ్లలో చాలామంది 'పోయొస్తం లింగమయ్యా' అనాల్సిన వేళకు గొంతు పెగలక నిలబడతారు.

దారులు రెండు. అచ్చంపేట, మన్ననూరు మీదుగా శ్రీశైలం రోడ్డున ఫర్హాబాద్ చేరి, అక్కడి నుంచి అడవి మట్టిరోడ్డులో రాంపూర్ పెంట (చెంచుల గూడెం) దాకా బండి మీద పోయి, ఆపైన నాలుగైదు కిలోమీటర్లు నడవడం ఒకటి. లింగాల, అప్పాయిపల్లి వైపు నుంచి వచ్చేది రెండోది. రెండో దారిలో రద్దీ తక్కువే గానీ నడక చాలా పొడుగు. రోజూ పొలంలో నడిచే కాళ్లకు సరే, ఆఫీసు కాళ్లకు వద్దు. మొదటిసారి పోయేవాళ్లకు ఫర్హాబాద్ దారే మేలు. ఒక్క ఇబ్బంది దుమ్ము. ముందు బండి లేపే ఎర్రదుమ్ము గొంతులోకి పోతే నడక మొదలుకాకముందే దాహం పట్టుకుంటుంది. తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకోండి.

నీళ్ల విషయంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. మనిషికి కనీసం 3 లీటర్లు కావాలి. అందులో లీటరున్నర తిరుగు ప్రయాణానికే దాచుకోవాలి. పులుల అభయారణ్యం కనుక ప్లాస్టిక్ సీసాలు తేవద్దంటారు, స్టీలు సీసాలు సర్దుకోండి. చలివేంద్రాలు, దాతల అన్నదానాలు దారిలో దొరుకుతాయి గానీ లోయలోకి దిగాక వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఓఆర్ఎస్ పెద్ద పొట్లమైతే మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. సగం పొట్లం గ్లాసులో గుమ్మరిస్తే ఉప్పు ఎక్కువై కడుపులో తిప్పుతుంది. దాహం వేసినప్పుడు గడగడా తాగడం కన్నా పావుగంటకోసారి నాలుగు గుక్కలు నయం. తిండికి పులిహోర, జొన్నరొట్టె, పల్లీలు, బెల్లం చాలు. పెరుగన్నం ఆ ఎండకు మధ్యాహ్నానికే పులుస్తుంది.

దిగేటప్పుడు కష్టం అనిపించదు, అదే మోసం. తొడలు బిగబట్టి దిగిదిగి లోయ అడుగున ధార పడే నీటి గుండం చేరేసరికి మోకాళ్లు వణుకుతాయి. కొండ చరియను ఆనుకుని దారి సన్నబడే చోట్ల పోయేవాళ్లు, వచ్చేవాళ్లు ఒకే సందులో ఇరుక్కుంటారు. ఎండ కన్నా అక్కడి తోపులాటే ప్రమాదం. పై నుంచి రాళ్లు కూడా జారుతుంటాయి. గోడవైపే నిలబడి, పిల్లలను లోపలివైపు ఉంచుకోండి. చంటిపిల్లలను తేకపోవడమే మంచిది. కొత్త బూట్లు బొబ్బలు పెడతాయి, చెప్పుల పట్టీలు తెగుతాయి. పాతబడి, అడుగు గరుకుగా ఉన్న బూట్లే తొడుక్కోండి. వెదురు కర్ర దిగుడుకే ఎక్కువ అక్కరకొస్తుంది.

గుండం దగ్గర రాయి పాచిపట్టి ఉంటుంది. పైనుంచి పడే ధార ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. స్నానం చేసి, గుహలో దర్శనం చేసుకుని, చొక్కా పిండకుండా తడిగానే వేసుకుని బయల్దేరితే మొదటి అరగంట ఎక్కుడు తేలికవుతుంది. పదిలోపు వెనక్కి తిరగగలిగితే సరే. ఆలస్యమైతే ఎండలో ఎక్కొద్దు. లోయలో నీడన కూర్చుని మూడున్నర తర్వాత కదలండి. చివరి బండి పోతుందన్న కంగారుతో పన్నెండింటికి ఎక్కడం మొదలుపెట్టేవాళ్లే ఎక్కువగా కూలబడతారు.

తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం మొదలైతే ఆగి నీడ వెతుక్కోండి. మాట తడబడుతూ ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. తలా మెడా తడిపి, విసురుతూ, వెంటనే పైనున్న సిబ్బందికి కబురు పంపాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. అడవిలో ఫోన్ సిగ్నల్ మీద భరోసా లేదు, కబురు మనిషే మోయాలి.

బసకు మన్ననూరు దగ్గర, అటవీశాఖ గదులు దొరికితే వాటికి మించింది లేదు, కానీ ముందే బుక్ చేసుకోవాలి. అచ్చంపేట లాడ్జీలు సాదాసీదా, అయినా తిండికి, బస్సులకు అనువు. శ్రీశైలం సత్రాల్లో దిగి రావడం వృథా. శ్రీశైలం రోడ్డులో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలోకి బండ్లను వదలరు, చల్లని వేళంతా గేటు దగ్గరే గడిచిపోతుంది. మన్ననూరులో ఉన్నవాళ్లు గేటు తీయగానే బయల్దేరవచ్చు. జాతర రోజుల్లో వేళలు మారితే చెక్‌పోస్టు దగ్గర ముందు రోజు సాయంత్రమే అడిగి పెట్టుకోండి.