వరద మ్యాపులకు హెక్-రాస్: చాలాకాలం వాడాక నా సమీక్ష

అత్యవసర విభాగానికి ముంపు మ్యాపులు తయారుచేయడానికి కొన్నేళ్లుగా హెక్-రాస్ వాడుతున్నాను. నీరు ఎటు, ఎంత లోతున పారుతుందో లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ ఇది, అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఉచితంగా ఇస్తుంది. 2016లో వచ్చిన 5.0 వెర్షన్‌లో టూ-డీ మోడలింగ్ (నీరు నది వెంటే కాక నేల మీద అన్ని వైపులా పరుచుకోవడాన్ని లెక్కకట్టడం) చేరాకే మాలాంటివాళ్లకు అసలు పనికొచ్చింది. లెక్క కోసం నేలను విడగొట్టే గడిని, అంటే సెల్‌ను, పెద్దదిగా పెట్టినా దాని లోపలి నేల ఎత్తుపల్లాలను లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ఓ మోస్తరు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది.

నాకు బాగా నచ్చింది లోతు మ్యాపు కాదు, నీరు ఎప్పుడు చేరుతుందో చూపే మ్యాపు. కంట్రోల్ రూమ్‌లో మొదట వచ్చే ప్రశ్న "ఈ రోడ్డు ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది?" అనే. ఎంత లోతు దాటితే రోడ్డు మూసుకుపోయినట్టో మనమే పెట్టుకోవచ్చు. పారే నీరు 30 సెంటీమీటర్లుంటే చాలా కార్లను లాక్కుపోగలదు, అందుకని నేను అంతకంటే తక్కువే పెడతాను.

తలనొప్పంతా నేల ఎత్తుల డేటాతోనే. ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచింది. చెట్ల కొమ్మలు, ఇళ్ల కప్పులు కూడా నేలలో కలిసిపోయాయి. దాని పొరపాటు మీటర్లలో ఉంటుంది. చదునైన చోట అర మీటరు తేడా వచ్చినా ముంపు అంచు ఎక్కడికో జరిగిపోతుంది. యూరప్ వాళ్ల కోపర్నికస్ ఉపగ్రహ కార్యక్రమం ఇచ్చే 30 మీటర్ల గడుల డేటా కొంత నయమే కానీ కప్పుల గొడవ దానిలోనూ ఉంది. లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తులు కొలిచిన డేటా) లేని చోట ఏ వీధి ఖాళీ చేయించాలో ఈ మ్యాపు చూసి తేల్చొద్దు. ఏ మండలానికి పడవలు పంపాలో తేల్చడానికైతే సరిపోతుంది.

లైడార్ ఉన్నంత మాత్రాన పని అయిపోదు. అది పైనుంచి చూస్తుంది, రోడ్డు కట్ట కింది కల్వర్టు దానికి కనబడదు. మనం చేత్తో పెట్టకపోతే మోడల్‌లో నీరు కట్ట వెనక చెరువులా నిలిచిపోతుంది. గట్ల వెంట బ్రేక్‌లైన్లు (సెల్ అంచులు గట్టు మీదే పడేలా చేసే గీతలు) గీయకపోతే ఉల్టా, నీరు గట్టును దాటకుండానే అవతలికి పారిపోతుంది. నా సమయంలో ఎక్కువ భాగం ఈ రెండింటికే పోతుంది.

వరద నడుస్తుండగా కొత్తగా మోడల్ రన్ చేయడం మానేశాం. మధ్యలో లెక్క అదుపు తప్పి ఆగిపోతే ఆ టెన్షన్ ఎవరికి కావాలి? వేర్వేరు ప్రవాహాలకు మ్యాపులు ముందే తయారుచేసి, నదిలో నీటిమట్టం కొలిచే గేజి రీడింగ్ వారీగా సర్ది ఉంచుతాం. రీడింగ్ రాగానే దానికి ఒక మెట్టు పైమ్యాపు తీస్తాం. ఊరి మీదే కుండపోత కురిసి డ్రైన్లు పొంగితే మాత్రం ఈ పద్ధతి అక్కరకు రాదు, నది గేజికి ఆ నీటి సంగతే తెలియదు.

మ్యాపు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి సెంటినల్-1 ఉపగ్రహం రాడార్ చిత్రాలు మేలు, మేఘాలున్నా నీరు నల్లగా కనబడుతుంది. కిక్కిరిసిన ఇళ్ల మధ్య నీటిని మాత్రం నమ్మకంగా పట్టుకోలేదు. అక్కడ గోడల మీది నీటి మరకలు కొలవాల్సిందే.

ఒక్క మాట, ప్రింట్ తీసేవాళ్లకు. ముంపు అంచును ఒకే గీతగా ఇస్తే గీతకు కాస్త బయట ఉన్నవాళ్లు కదలరు. ఎక్కువ, తక్కువ ప్రవాహాల రెండు రన్‌ల అంచులను క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, మధ్య భాగాన్ని గీతల పట్టీగా వేస్తున్నాను. అరగంట పని.