సమాధులు వెతికే యాప్: ఆరేళ్లు వాడాక

మా నాయనమ్మ వాళ్ల నాన్న సమాధి కోసం ఆరేళ్ల కింద ఈ ఉచిత యాప్ వేసుకున్నాను. సమాధుల ఫొటోలు, మ్యాప్‌లో శ్మశానాల పిన్‌లు మనలాంటివాళ్లే ఎక్కించే రకం. పేరు రాయను, తిట్టేది కొంచెం ఎక్కువే ఉంది.

తెల్లదొరల సమాధులకైతే బాగా పనికొస్తుంది. కోఠి ఉమెన్స్ కాలేజీ (ఇప్పుడు మహిళా యూనివర్సిటీ) ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీ సమాధులు, ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మీనియన్ల రాళ్లు ఇంట్లో కూర్చునే చూశాను. లష్కర్ (సికింద్రాబాద్) దండులో ఖననాల లెక్కలు అప్పట్లో మద్రాసుకు వెళ్లేవి. ఆ నకళ్లు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 అనే మద్రాసు రికార్డుల వరుసలో ఉన్నాయి. రాయి మీది తేదీని వాటితో సరిచూసుకోవచ్చు.

మావాళ్ల దగ్గరికొచ్చేసరికి యాప్ చేతులెత్తేసింది. ముత్తాత నిజాం రైల్వేలో ఖలాసీ. రాయి చెక్కించే స్తోమత ఎక్కడిది? ఇటుకల దిమ్మె, పైన సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు పుల్లతో గీసిన పేరు, అంతే. పేరు కొడితే ఏమీ రాలేదు. భోయిగూడ శ్మశానం పిన్ నన్ను ఓ టింబర్ డిపో ముందు నిలబెట్టింది. తప్పని రెండుసార్లు రాశాను, జవాబు లేదు.

చివరికి దారి చూపింది చర్చి ఖననాల రిజిస్టరే. అందులో ఇంటిపేరు లేదు, ఇంట్లో పిలిచే పేరూ లేదు. బాప్తిస్మం పేరు, వయసు, "జ్వరం", ఒక వరుస నంబరు. నాయనమ్మ బైబిలు అట్ట లోపల రాసుకున్న తేదీతో కలిసింది కాబట్టి ఆయనేనని తేలింది.

నవంబరు 2న, సమాధుల పండుగ రోజు వెళ్లాను. మామూలు రోజుల్లో కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, ఆ రోజు మాత్రం సున్నం బకెట్లతో కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. నంబరు చూపిస్తే గోతులు తవ్వే పెద్దాయన "ఆ యాపచెట్టు పక్కన చూడు బిడ్డా" అన్నాడు. దిమ్మె మీద ఏమీ కనబడలేదు. ఐదింటికి ఎండ వాలాక, బాటిల్ నీళ్లు పోసి, ఫోన్ టార్చ్ పక్కనుంచి ఆనించి వేస్తే "యా", కొంచెం దూరంలో "బు" తేలాయి. మధ్యది పోయింది. చాక్‌పీసు, వైరు బ్రష్షు మాత్రం వాడకండి, ఉన్నదీ రాలిపోతుంది.

ఐదుకి రెండున్నర ఇస్తాను. ఆ ఫొటో నేనే ఎక్కించి, పిన్ సరిగ్గా వేపచెట్టు దగ్గర పెట్టాను. నాలుగు నెలలైంది, ఇంకా "పరిశీలనలో ఉంది" అనే చూపిస్తోంది.