మోకు భుజాన వేసుకుని కోనసీమ, త్రిశూర్, పొల్లాచ్చి

మాది నల్గొండ దగ్గర ఊరు, ఇంట్లో గీత పని. పదిహేడో ఏట నుంచి నాన్న వెంట తాటిచెట్లు ఎక్కుతున్నా. వానలు మొదలయ్యాక చెట్లు సరిగ్గా పారవు, అంటే కల్లు సరిగ్గా రాదు, ఆ నెలల్లో ఏదో ఒక కూలికి పోవాల్సిందే. పోయినేడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళు పిలిచి, కొబ్బరి చెట్ల మీద ఎండు మట్టలు తీయగలవా, కింద కార్లున్నాయి, ఒక్క కాయ కూడా పడకూడదు అన్నారు. తీస్తానని ధైర్యంగా చెప్పలేకపోయాను. చెట్టెక్కడం వచ్చు కానీ ఆ చెట్టు రాదు. అందుకే జూలై చివర్లో బయల్దేరి, డిసెంబర్‌లో తిరిగొచ్చేదాకా మూడు చోట్ల పని చేశాను. నాలాగా పని నేర్చుకోవడానికి ఊళ్ళు తిరగాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదట కోనసీమ. నల్గొండలో జన్మభూమి ఎక్కి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా బస్సులో అంబాజీపేట వెళ్ళాను. అమలాపురం వైపు రైలు లేదు, సామాను తక్కువ పెట్టుకోండి. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్ ఉంది కాబట్టి అక్కడ దింపు (కాయలు కోసి దించే పని) మేస్త్రీలు దొరుకుతారు, తెలిసినవాళ్ళ మాట మీద ఒకాయన నన్ను చేర్చుకున్నాడు. మొదటిరోజు నా మోకు (చెట్టెక్కే తాడు), ముస్తాదు (గీత సామాను), పడకుండా గీత పనివాళ్ళకి తెలంగాణ ప్రభుత్వం 2024లో తెచ్చిన కాటమయ్య రక్షణ కిట్టు అన్నీ చూసి, కిట్టు మాత్రం విడవొద్దన్నాడు, మోకు పక్కన పెట్టమన్నాడు. తాటి బెరడు గరుకుగా ఉంటుంది, మోకు పట్టుకుంటుంది. కొబ్బరి మాను నున్నగా ఉంటుంది, వానల్లో పాచి కూడా పడుతుంది, జారుతుంది. అక్కడివాళ్ళు కాళ్ళకి చిన్న బంధం వేసుకుని చేతులతో మానుని కావలించుకుని ఎక్కుతారు. నేను నాలుగో వంతు ఎక్కేసరికే తొడలు వణికాయి. కింద నుంచి ఆయన, "అబ్బాయ్, ఇది మీ తాడిచెట్టు కాదు, ఊగుతుంది, దాంతోపాటు నువ్వూ ఊగు, బిగదీసుకున్నావంటే పడతావు" అన్నాడు. ఆ మాట పట్టుకోవడానికి నాకు పది రోజులు పట్టింది.

పైన పని అంతకంటే ఎక్కువ. ఎండు మట్టని ఆసరాగా పట్టుకోకూడదు, ఊడి చేతికొస్తుంది. పచ్చి మట్ట మీద కాలు పెట్టినా మొదట్లోనే, మానుకి ఆనుకుని పెట్టాలి. పదకొండు, పన్నెండు నెలలు నిండిన గెల ఏదో, ఇంకో దింపుకి వదలాల్సింది ఏదో రంగు చూసి చెప్పాలి. మొవ్వులో (చెట్టు తలలోని లేత ఆకుల చోట) కొమ్ముపురుగు తొలిచిన పిప్పి ఉందేమో చూసి రైతుకి చెప్పాలి. చాలా తోటల్లో తెల్లదోమ పట్టి ఆకుల మీద మసి పేరుకుంది, దిగేసరికి ముఖం, చేతులు నల్లగా అయ్యేవి. దింపు కూలి కాయల లెక్కన ఇచ్చారు. నేను నెమ్మది కాబట్టి మొదటి నెల ఖర్చులు పోగా ఏమీ మిగల్లేదు, అయినా బాధ అనిపించలేదు.

పడక కొబ్బరి కొట్టు వెనక రేకుల షెడ్డులో. దోమలు విపరీతం, దోమతెర లేకుండా వెళ్ళొద్దు. కానీ ఫ్యాను ఉంది, బోరు నీళ్ళు ఉన్నాయి, రాత్రి తొమ్మిదికల్లా అందరూ పడుకుంటారు. మధ్యాహ్నం మేస్త్రీ బాబాయ్ ఇంటి నుంచి క్యారేజీ వచ్చేది, పిన్ని చేపల పులుసు పంపిన రోజు రెండో చెట్టు ఎక్కడానికి ఒళ్ళు బరువుగా ఉండేది. భాష ఒకటే కావడం పెద్ద బలం. చెట్టు మీద ఉన్నప్పుడు కింద మనిషి అరిచింది వెంటనే అర్థం కావాలి.

సెప్టెంబర్‌లో రాజమండ్రి నుంచి ధన్‌బాద్–అలప్పుళ ఎక్స్‌ప్రెస్‌లో త్రిశూర్. జనరల్ బోగీలో వెళ్ళాను, అది నా తప్పు, రాత్రంతా తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. స్లీపర్ దొరక్కపోతే ఇంకో రోజు ఆగండి. దిగిన మర్నాడే పనిలోకి వెళ్ళాను, నిద్రలేని కళ్ళతో మూడో చెట్టు మీద కాలు జారింది, బెల్టు ఉండబట్టి ఒక జానెడు కిందకి వచ్చి ఆగాను. ఆ రోజు నుంచి ఒక్కటే అడుగుతున్నా, కూలి ఎంత అని కాదు, రాత్రి ఎక్కడ పడుకోబెడతారు అని.

కేరళ వెళ్ళింది చెట్టెక్కే మిషన్ కోసం. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో చెట్టెక్కేవాళ్ళకి ఆరు రోజుల శిక్షణ మొదలుపెట్టింది, అందులో నేర్చుకున్న ఒక చేట్టన్ (మలయాళంలో అన్న) వెంట నేను తిరిగాను. కన్నూర్ జిల్లా చెంబేరిలో పుట్టిన మిషన్, చెంబేరి మోడల్ అనే అంటారు. రెండు ఇనుప చట్రాలు, ఒక్కోదానికీ మాను చుట్టూ తిరిగే స్టీలు తాడు, ఒక్కో కాలికి ఒక్కోటి. నిలబడి మెట్లెక్కినట్టు ఎక్కుతాం, ఛాతీ ఒరుసుకుపోదు, పిక్కలు పట్టెయ్యవు. స్కూటీ వెనక మిషన్ కట్టుకుని ఇంటింటికీ వెళ్ళే ఆడవాళ్ళని కూడా చూశాను, చాలా సంతోషం వేసింది, మా అక్కకి వీడియో తీసి పంపాను. లోపాలు కూడా చెప్పాలి. ప్రతి చెట్టుకీ తగిలించి విప్పాలి, బాగా వంగిన చెట్టు మీద పక్కకి లాగుతుంది, పైకి చేరాక మట్టల మధ్యలోకి వెళ్ళాలంటే మళ్ళీ ఒంటి బలమే దిక్కు. నడుముకి సేఫ్టీ బెల్టు వేరేగా కట్టుకోవాల్సిందే.

ఇంటివాళ్ళు చెట్టుకి 50 రూపాయలు ఇచ్చేవారు, మిషన్ ఆయనది కాబట్టి నాకు 30. డబ్బు ఏ రోజుది ఆ రోజే. ఒడిశా, బెంగాల్ అబ్బాయిలతో ఒక గదిలో ఎనిమిది మందిమి, అద్దె పంచుకున్నాం. గది ఇరుకు, కానీ బాత్రూమ్ శుభ్రం, కరెంటు పోదు. కుటుంబశ్రీ (కేరళ మహిళా సంఘాలు) ఆడవాళ్ళు నడిపే జనకీయ హోటల్లో 30 రూపాయలకి భోజనం, ఆ లావు ఎర్రన్నం నాకు వారం దాకా సయించలేదు, తర్వాత అదే నయం అనిపించింది, తొందరగా ఆకలి వేయదు. అక్టోబర్ వచ్చేసరికి రోజూ మధ్యాహ్నం ఉరుములు. పదకొండు గంటలకే పని ఆపేసేవాడు ఆయన, ఇంకో రెండు చెట్లు ఉన్నాయి కదా అంటే మబ్బు వైపు చూపించేవాడు. సంపాదన తగ్గినా అలాంటి మనిషి దగ్గరే పని చేయాలి. ఒక సాయంత్రం కొబ్బరి కల్లు గీసే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. అక్కడ గీత పనివాళ్ళకి 1969 చట్టంతో సంక్షేమ నిధి ఉందట, ఆయన ప్రావిడెంట్ ఫండ్ గురించి చెప్తుంటే మా నాన్న మోకాళ్ళు గుర్తొచ్చాయి.

పొల్లాచ్చి పాలక్కాడ్ నుంచి సుమారు 45 కిలోమీటర్లు, బస్సులు దండిగా ఉన్నాయి. అక్కడ పని బొండాలది. బొండం కింద పడితే పగులుతుంది, లారీలో దూరాలు పోవాలి, కాబట్టి గెలకి తాడు కట్టి, కోసి, మట్ట మొదలు మీదుగా మెల్లగా దించాలి. కింద ఒకడు తాడు వదులుతుంటాడు, పైన నేను గెల చెట్టుకి కొట్టుకోకుండా చూడాలి. నేను బయల్దేరింది సరిగ్గా దీనికోసమే. ముడి ఎక్కడ వేయాలి, గెల బరువు ఒక్కసారిగా తాడు మీద పడకుండా ఎలా కోయాలి, ఇవన్నీ అక్కడే వచ్చాయి. ముదురు కాయలైతే చాలా తోటల్లో ఎక్కరు, పొడుగాటి వెదురుకి కొడవలి కట్టి కింద నుంచే కోస్తారు. రెండు రోజులు ప్రయత్నించాను, మెడ పట్టేసింది, వదిలేశాను.

తోట యజమాని ఇంట్లో తెలుగు మాట్లాడతారు! కోయంబత్తూరు వైపు తరాల క్రితం స్థిరపడినవాళ్ళు, తమిళం కలిసిన తెలుగు. అవ్వ రోజూ పిలిచి "తిన్నావా నాయనా" అని అడిగేది. తోటలోనే గది, పంపుసెట్టు కింద స్నానం, మూడు చోట్లలో హాయిగా నిద్రపోయింది ఇక్కడే. కానీ నాకు కూలి ఇచ్చేది వాళ్ళు కాదు, కాంట్రాక్టరు. పేరు రాయను. వారం వారం ఇస్తానని మూడు వారాలు ఆపాడు, చివరికి అవ్వ కొడుకు గట్టిగా అడిగితే రెండు వారాలది ఇచ్చాడు, మూడోది ఇప్పటికీ రాలేదు. మీరు వెళ్తే రోజూ ఎన్ని గెలలు దించారో రాసుకుని సాయంత్రం అతని చేత సంతకం పెట్టించుకోండి, మొహమాటపడొద్దు.

ఎవరికి ఏది అంటే, కొబ్బరి అసలు రానివాళ్ళు ముందు కోనసీమ వెళ్ళండి, డబ్బు ఆశించొద్దు. చేతిలో పని ఉండి చేతికి డబ్బు కావాలంటే త్రిశూర్, అయితే ఆగస్టుకి ముందు, అక్టోబర్ మొదలయ్యాక వానలు చూసుకోండి. తాడు పని నేర్చుకోవాలంటే పొల్లాచ్చిని మించింది నేను చూడలేదు, కూలి విషయం మాత్రం నేరుగా రైతుతోనే మాట్లాడుకోండి. మిషన్ శిక్షణ ఆంధ్రలో కూడా జరుగుతూ ఉంటుంది, కేరళ దాకా వెళ్ళేముందు దగ్గర్లో అడిగి చూడండి.

వచ్చాక ఆ అపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేశాను. పధ్నాలుగు చెట్లు, రెండు రోజులు, నాన్న కింద తాడు పట్టాడు, ఒక్క కాయ నేల మీద పడలేదు. ఇప్పుడు చెట్లు పారుతున్నాయి, జూన్ దాకా కదల్లేను. జూలైలో మళ్ళీ పొల్లాచ్చి వెళ్తాను, ఈసారి ఇద్దరం అయితే మంచిది, నాన్న అంత దూరం రాలేడు. గీత పనివాళ్ళ ఇళ్ళలోంచి ఎవరైనా వస్తానంటే చెప్పండి, తాడు ఎలా వదలాలో నేను నేర్పిస్తాను.