భీమిలి దారిలో కాలినడకన

హైదరాబాద్‌లో మనకు సముద్రమంటే హుస్సేన్ సాగరే. ఆదివారం పొద్దున్నే కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగే మా నలుగురికీ ఈసారి అసలు సముద్రం పక్కన నడవాలని బుద్ధి పుట్టింది. నేను, మా ఆయన, మా వదిన, అన్నయ్యగారు. జనవరి ఆఖరి వారంలో నాంపల్లిలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉన్నాం. మా ఆయనకు వందే భారత్ మోజు. కానీ మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కేది రాత్రి బాగా పొద్దుపోయాక దించుతుంది, ఆ వేళప్పుడు ఆటో బేరాలెందుకని నేనే వద్దన్నాను. దిగగానే నడక మొదలుపెట్టాలంటే గోదావరే నయం.

మొదటి రాత్రి ఆర్కే బీచ్ దగ్గర ‘సీ వ్యూ’ గది తీసుకున్నాం. బాల్కనీలోంచి మెడ సాచి చూస్తే పక్కింటి వాటర్ ట్యాంకుకీ హోర్డింగుకీ మధ్య జానెడు సముద్రం కనిపించింది, వ్యూ ఉన్న మాట నిజమే. అదైనా సరిపెట్టుకున్నాం గానీ, టీ ఏడున్నర దాకా రాదన్నప్పుడే నాకు మండింది. ఈ తీరంలో జనవరిలో కూడా తొమ్మిదయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది. నడిచేవాళ్లకు ఐదున్నరకు గ్లాసుడు టీ పోయలేని హోటల్‌కు ఎన్ని స్టార్లుంటే ఏం లాభం? మర్నాడే మూటాముల్లె సర్దుకుని భీమిలిలో చిన్న లాడ్జికి మారిపోయాం. లిఫ్టు లేదు, వేణ్ణీళ్లు బకెట్లోనే. కానీ వాచ్‌మన్ ఐదింటికే గేటు తీసి, ఎదురు కొట్టు నుంచి ఫ్లాస్కులో టీ తెచ్చిపెట్టాడు. అద్దె మొదటిదాంట్లో సగం కూడా లేదు.

అక్కడి నుంచి ఎర్రమట్టి దిబ్బలు దగ్గర. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడమంటాను, అదీ సూర్యుడు పైకెక్కక ముందే. రోడ్డు మీంచి చూస్తే జీడిచెట్లూ పొదలూ తప్ప ఏమీ ఉండదు. వాన నీళ్లు కోసిన గెడ్డలోకి దిగాక రెండు పక్కలా ఎర్రటి గోడలు లేస్తాయి. పది నిమిషాలు నడిచేసరికి సముద్రం హోరు ఆగిపోయింది. గాలి లేదు, మా చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. గోడలోంచి వేళ్లు జుట్టులా వేలాడుతున్నాయి. వేలితో తాకితే చాలు, ఇసుక సన్నటి ధారగా జారి పాదాల మీద పడింది. గట్టి రాయి అనుకుంటాం గానీ, వేల ఏళ్ల కిందట సముద్రమట్టం పెరుగుతూ తరుగుతూ ఉన్న రోజుల్లో గాలి తెచ్చి పోసిన ఇసుక ఇది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఈ రంగొచ్చింది. 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ఆ గోడల మీదే ప్రేమికుల పేర్లు చెక్కి ఉన్నాయి. మేం వెళ్లిన రోజు ఒక జంటకు పెళ్లి ఫొటోలు తీస్తూ అంచు మీద నిలబెట్టారు, వాళ్ల కాళ్ల కింద గంపెడు ఇసుక ఊడి పడింది. దయచేసి అంచులెక్కకండి. లోపల దారులన్నీ ఒకేలా ఉంటాయి, బాణం గుర్తు ఒక్కటీ మా కంటపడలేదు. రెండుసార్లు దారి తప్పాం.

తొట్లకొండకు కారు పైదాకా పోతుంది. మేం కిందే దిగి ఎక్కాం. 128 మీటర్ల ఎత్తే, ఆయాసపడేంత లేదు, కానీ మంచినీళ్లు మాత్రం మోసుకెళ్లాలి. నేవీ వాళ్ల విమాన సర్వేలో బయటపడ్డ బౌద్ధ విహారమిది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. నీళ్ల కోసం భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్లే కొండకు పేరయ్యాయి. వదిన ఒక తొట్టి అంచున కూర్చుని చాలాసేపు లేవలేదు. ఎదురుగా సముద్రం పరుచుకుని ఉంటే ఎవరు లేస్తారు!

మంగమారిపేట ఒడ్డున సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం విషయంలో బోల్తా పడ్డాం. పోటు మీద ఉన్నప్పుడు వెళ్తే ఏముంటుంది, నురగ తప్ప. “ఏటమ్మా, పోటు చూసుకోకుండా వచ్చీసినారా” అని ఆటో అతను నవ్వాడు. మర్నాడు నీళ్లు వెనక్కి తగ్గే వేళ కనుక్కుని మళ్లీ వెళ్లాం, రెండు ఆటో చార్జీలూ మాకే పడ్డాయి.

రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. దుస్తులు మార్చుకునే గదులు, స్నానాలకు షవర్లు ఉన్నాయి, ఆడవాళ్లకు ఈ దారిలో అదే పెద్ద ఊరట. కయాకింగ్ అక్కడే చేయండి. ఈతకు మాత్రం ఎక్కడ పడితే అక్కడ దిగొద్దు, ఈ సముద్రం ఉన్నట్టుండి లాగేస్తుంది. కంబాలకొండ అడవి దారి చల్లగా ఉంది, పిల్లలుంటే వెళ్లండి. దిబ్బలు చూసొచ్చిన కళ్లకు మాకది ఆనలేదు.

చివరి పొద్దున భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటికి నడిచాం. డచ్చివాళ్ల సమాధులు దారిలో చూసేశాం, పావుగంట చాలు. ఒడ్డున పదిమంది అలివి వల లాగుతున్నారు. “చూత్తారేటి బావూ, ఓ సెయ్యెయ్యండి” అన్నాడొక పెద్దాయన. అన్నయ్యగారు ప్యాంటు పైకి మడిచి తాడు పట్టేశారు. ముప్పావుగంట లాగితే వలలో కాసిని కవళ్ల చేపలు, ఒక పీత, బోలెడు నాచు. ఆయన వంతుగా దోసెడు కవళ్లు ప్లాస్టిక్ సంచిలో పోసిచ్చారు. లాడ్జిలో వంటగది లేదు. వాచ్‌మన్ భార్య తీసుకెళ్లి ఉప్పూ కారం పట్టించి వేయించి తెచ్చింది. అన్నయ్యగారి అరచేతుల నిండా బొబ్బలు, చేపలు వదిన ముళ్లు తీసి పెడితే తిన్నారు.