మదర్‌బోర్డు జాక్ నుంచి డాక్-ఆంప్, మానిటర్ స్పీకర్ల దాకా: ఏళ్ల తరబడి వాడాక

ఈ సెటప్‌లో ఉన్నవి మూడే. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్స్, యూఎస్‌బీకి తగిలించే ఒక డాక్-ఆంప్ (డిజిటల్ ఆడియోను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే డాక్, దాన్ని బలపరిచే ఆంప్ కలిసిన పెట్టె), 5 అంగుళాల వూఫర్లున్న (బాస్ పలికే డ్రైవర్లు) ఒక జత పవర్డ్ మానిటర్లు, అంటే లోపలే ఆంప్ ఉన్న స్పీకర్లు. పాటలకూ గేములకూ ఇవే. దేనివల్ల ఎంత తేడా వచ్చిందో ముందే చెప్పేస్తాను. సింహభాగం హెడ్‌ఫోన్స్‌ది. ఆ తర్వాత స్పీకర్లను పెట్టిన చోటుది, ఆ తర్వాత వెనక వినబడే రొద పోవడానిది. డాక్ చిప్‌ది ఆఖరి స్థానం. చాలామంది కొనే వరుస సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

డబ్బు పెట్టే ముందు ఒకటి చూసుకోండి. హెడ్‌ఫోన్స్ క్యాబినెట్ ముందువైపు జాక్‌లో ఉన్నాయా? ఆ జాక్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్నటి వైరు గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచో కిందనుంచో పోతుంది. మౌస్ కదిపితే, పేజీ స్క్రోల్ చేస్తే చెవిలో సన్నగా గీరినట్టు వినబడేది చాలాసార్లు అక్కడిదే. ప్లగ్‌ను వెనకవైపు ఆకుపచ్చ సాకెట్‌లోకి మారిస్తే సగం కేసుల్లో ఆ గోల అక్కడితో పోతుంది. రియల్‌టెక్ ఏఎల్‌సీ1220 స్థాయి ఆడియో చిప్ ఉన్న బోర్డులు ఈ విషయంలో నిజంగా బాగుంటాయి. వెనక సాకెట్ నిశ్శబ్దంగా ఉండి, మీవి సులువుగా మోగే హెడ్‌ఫోన్స్ అయితే బయటి డాక్ వల్ల పాట మారదు.

ఒక మినహాయింపు ఉంది, అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే జాక్ వైపు ఉండే విద్యుత్ నిరోధం (ఓమ్‌లలో కొలుస్తారు). హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదని లెక్క. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 4 ఓమ్‌ల లోపు కావాలి. కొన్ని బోర్డుల జాక్‌లు పదుల ఓమ్‌లలో ఉంటాయి, అక్కడ బాస్ ఉబ్బి బురదగా మారుతుంది. హెచ్‌డీ 600 అసలే 300 ఓమ్‌లది కాబట్టి దీనికి ఆ బెడద తక్కువ. దీనికి కావలసింది వోల్టేజి.

ఎంత వోల్టేజి? ఈ హెడ్‌ఫోన్స్ 1 వోల్టుకు 97 డెసిబెల్స్ ఇస్తాయి. 2 వోల్టులిచ్చే జాక్‌తో 103 దాకా వెళ్తాయి. పాటలో అప్పుడప్పుడు ఎగసే శిఖరాలకు 110 కావాలంటే సుమారు 4.5 వోల్టులు, అంటే 67 మిల్లీవాట్లు. ఇక్కడే ప్రకటనలు తికమక పెడతాయి. ‘1 వాట్’ అని పెద్దక్షరాల్లో వేసేది సాధారణంగా 32 ఓమ్‌ల దగ్గర అంకె. అదే వోల్టేజితో 300 ఓమ్‌ల దగ్గర చేతికొచ్చేది సుమారు 107 మిల్లీవాట్లే. అదీ సరిపోతుంది, కానీ కొనేటప్పుడు 300 ఓమ్‌ల వరుసలోని అంకెనే చూడండి. మెల్లగా వినేవాళ్లకు 2 వోల్టులు చాలు. తక్కువ స్థాయిలో రికార్డు చేసిన సంగీతం వింటూ, ఈక్వలైజర్ (బాస్, ట్రెబుల్ వంటివి విడివిడిగా సర్దేది) కోసం స్థాయి తగ్గించుకున్నప్పుడు మాత్రం ఆంప్ లేని లోటు తెలుస్తుంది.

ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచాలన్నది) స్విచ్ ఉంటే ‘లో’లో మొదలుపెట్టండి. మామూలు అనలాగ్ నాబ్‌లలో తిరుగుడు మొదట్లో కుడి ఎడమల మధ్య తేడా ఉంటుంది. గాయకుడి గొంతు మధ్యలో కాకుండా ఒక పక్కకు ఒరిగినట్టు వినిపిస్తే కారణం అదే కావచ్చు. గెయిన్ తగ్గించి నాబ్‌ను పైకి తెస్తే సర్దుకుంటుంది. అప్పటికీ చాలకపోతే విండోస్ వాల్యూమ్‌ను 10 డెసిబెల్స్ దించండి. 24 బిట్‌లలో దానివల్ల చెవికి తెలిసే నష్టం ఉండదు. ‘విండోస్ ఎప్పుడూ 100లోనే ఉండాలి’ అన్నది 16 బిట్‌ల కాలం నాటి పట్టుదల.

ఈ హెడ్‌ఫోన్స్ మధ్య స్థాయిల్లో గొప్పవి. గొంతులు, తీగ వాయిద్యాలు ఎంతసేపు విన్నా విసుగు పుట్టవు. అట్టడుగు బాస్ మాత్రం పలచబడుతుంది. ఈక్వలైజర్ ఏపీఓ అనే విండోస్ సాఫ్ట్‌వేర్‌లో 105 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ కిందిదంతా పెంచే ఫిల్టర్), +5 డెసిబెల్స్, క్యూ విలువ (ఆ మలుపు ఎంత ఏటవాలుగా ఉండాలన్నది) 0.7 పెట్టి, మొత్తం స్థాయిని నిర్ణయించే ప్రీఆంప్‌ను −6కు దించాలి. ఆ −6 మరచిపోతే పెంచిన బాస్ గరిష్ఠ స్థాయిని దాటి పగులుతుంది, నింద హెడ్‌ఫోన్స్ మీద పడుతుంది. ఇంకో సంగతి, ఏపీఓ పనిచేసేది విండోస్ మిక్సర్ దారిలో వెళ్లే శబ్దం మీదే. ప్లేయర్‌లో వాసపీ ఎక్స్‌క్లూజివ్ గానీ ఆసియో గానీ (రెండూ శబ్దాన్ని నేరుగా పరికరానికి పంపే పద్ధతులు) పెడితే దాన్ని దాటేసి పోతుంది. ‘ఈక్యూ పెట్టినా తేడా లేదు’ అనేవాళ్లు ముందు ఇది చూడాలి.

హెచ్‌డీ 600 వెనక భాగం తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ రకం, గేముల్లో ఆ లాభం గట్టిగానే తెలుస్తుంది. అడుగుల చప్పుడు ఎటునుంచి, ఎంత దూరం నుంచి అన్నది తేలిగ్గా పట్టుబడుతుంది. పాడుచేసేది పైపై ‘సరౌండ్’ హంగులే. వాలరెంట్‌లో లాగా గేమ్‌లోనే హెచ్‌ఆర్‌టీఎఫ్ (శబ్దం ఏ దిశనుంచి వచ్చినట్టు వినిపించాలో లెక్కకట్టే పద్ధతి) ఉంటే దాన్ని మాత్రమే ఆన్ చేసి, విండోస్ సోనిక్, డాల్బీ అట్మాస్ వంటివి ఆపేయాలి. రెండూ కలిస్తే దిశను లెక్కకట్టిన శబ్దాన్నే మళ్లీ దిశ మార్చి పంపుతాయి, ముందు వెనకలు కలగాపులగం అవుతాయి. గేమ్‌లో అవుట్‌పుట్ ‘స్టీరియో హెడ్‌ఫోన్స్’గా ఉండాలి. గేమ్ 7.1 (ఎనిమిది స్పీకర్ల) శబ్దాన్ని పంపాల్సింది దాన్ని హెడ్‌ఫోన్స్‌కు దించే సాఫ్ట్‌వేర్ మధ్యలో ఉన్నప్పుడే.

మైక్ సంగతి కొన్నాక గానీ గుర్తురాదు. ఎక్కువ డాక్-ఆంప్‌లకు మైక్ ఇన్‌పుట్ ఉండదు. నాలుగు కాంటాక్టుల (మైక్, హెడ్‌ఫోన్ రెండూ కలిసిన) ప్లగ్ ఉన్న హెడ్‌సెట్‌ను తగిలిస్తే మాటలు అవతలికి వెళ్లవు. స్ప్లిటర్‌తో మైక్ వైరును మదర్‌బోర్డు గులాబీ సాకెట్‌కు ఇవ్వాలి, లేదా వేరే యూఎస్‌బీ మైక్ పెట్టుకోవాలి. పైగా ఓపెన్ బ్యాక్ శబ్దం బయటికి కారుతుంది, అది మైక్‌లో దూరుతుంది. మైక్‌ను నోటి మూలకు రెండు మూడు వేళ్ల దూరంలోకి తెచ్చి, దాని గెయిన్ తగ్గించడమే మందు. బ్లూటూత్ జోలికి గేముల కోసం వెళ్లకండి. ఆలస్యం ఒక బాధ అయితే, మైక్ ఆన్ కాగానే శబ్దం టెలిఫోన్ స్థాయికి దిగజారడం ఇంకో బాధ.

ఇక స్పీకర్లు. వీటి విషయంలో పెట్టెకంటే బల్ల ముఖ్యం. వూఫర్ ముఖం నుంచి వెనక గోడకు ఉన్న దూరాన్ని బట్టి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం నేరుగా వచ్చేదాన్ని రద్దు చేస్తుంది. శబ్ద వేగమైన 343ను, ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని నాలుగు రెట్లు చేసిన అంకెతో భాగిస్తే అదేదో తెలుస్తుంది. 25 సెంటీమీటర్ల లోతున్న పెట్టెను గోడకు 10 సెంటీమీటర్ల ఎడంగా పెడితే మొత్తం 35, అంటే 245 హెర్ట్జ్ దగ్గర గుంట. మగ గొంతులోని నిండుదనం ఉండేది అక్కడే. దూరం జరిపితే గుంట కిందికి దిగుతుంది గానీ పోదు. మీటరు దూరంలో అది 86 హెర్ట్జ్, ఇంకా అధ్వాన్నం. అందుకే వెనక పోర్ట్ (బాస్ గాలి వదిలే రంధ్రం) ఊపిరాడేంత సందు వదిలి గోడకు దగ్గరగానే ఉంచి, స్పీకర్ వెనక ఉండే బౌండరీ స్విచ్‌తో బాస్ తగ్గించుకోవడం నా దృష్టిలో మేలు.

రెండో శత్రువు బల్ల పైభాగం. అక్కడ తగిలి వచ్చే శబ్దం నేరుగా వచ్చేదానికి కాస్త ఆలస్యంగా చెవిని చేరి గొంతులను డబ్బాలోంచి వచ్చినట్టు చేస్తుంది. 10 నుంచి 15 సెంటీమీటర్లు ఎత్తి, ట్వీటర్ (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్) చెవి ఎత్తుకు వచ్చేలా పెడితే చాలావరకు తగ్గుతుంది. స్పీకర్ల మధ్య దూరమూ, ఒక్కోదాని నుంచి తలకున్న దూరమూ సమానంగా, 80 నుంచి 100 సెంటీమీటర్లు ఉండాలి. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం ఉండే ఒక మోనో రికార్డింగ్ పెట్టండి. గొంతు మానిటర్ తెర నడుమ ఒకే బిందువులోంచి రాకపోతే ఒక స్పీకర్‌ను సెంటీమీటరు చొప్పున జరుపుతూ చూడండి.

పాట ఆపినప్పుడు ట్వీటర్‌లోంచి వినబడే ‘స్స్’ లోపలి ఆంప్‌ది, డాక్ మారిస్తే పోదు. ఇన్‌పుట్ సెన్సిటివిటీని −10 నుంచి +4కు (తక్కువ సెన్సిటివిటీకి) మార్చి, స్పీకర్ వాల్యూమ్ తగ్గించి, డాక్ స్థాయి పెంచితే కొన్ని మోడళ్లలో తగ్గుతుంది. కొన్నింట్లో అది స్థిరంగా ఉండిపోతుంది. నిశ్శబ్దమైన గదిలో, మీటరు లోపు కూర్చునేవాళ్లు కొనేముందు చెవి దగ్గర పెట్టి వినాల్సిందే.

మౌస్‌తో పాటు కదిలే గీర వేరే రకం. కంప్యూటర్, స్పీకర్ రెండూ మూడో పిన్ ద్వారా ఎర్త్ అయి, ఆడియో కేబుల్ తొడుగు ఆ రెంటినీ మళ్లీ కలిపితే గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. యూఎస్‌బీ వైరు పీకినప్పుడు శబ్దం ఆగితే లూప్ అదే దారిలో ఉంది. రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌కు తగిలించి చూడండి. చాలకపోతే డాక్‌కు బ్యాలెన్స్‌డ్ (రొదను తగ్గించే రెండు సిగ్నల్ వైర్ల) అవుట్‌పుట్ ఉన్నప్పుడు టీఆర్‌ఎస్ లేదా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, లేనప్పుడు లైన్ ట్రాన్స్‌ఫార్మర్. ఎర్త్ పిన్ తీసేయమని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణాలతో చెలగాటం.

అరుగుదల సంగతి. ఇయర్‌ప్యాడ్‌లు చదునుగా అణిగిపోయేకొద్దీ డ్రైవర్ చెవికి దగ్గరై స్వరం మారుతుంది. ఇది మెల్లగా జరిగేది కాబట్టి తెలియదు, కొత్తవి వేసిన రోజున తెలుస్తుంది. కేబుల్ ఊడేది కావడం దీర్ఘకాలంలో కలిసొచ్చింది, పిన్‌ల దగ్గర టకటకలు మొదలైతే కేబుల్ మారిస్తే చాలు. శబ్దం మధ్యలో తెగితే ముందు డాక్‌ను హబ్ నుంచి తీసి వెనక పోర్ట్‌లో పెట్టండి, విండోస్ పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. స్పీకర్లను అన్నిటికన్నా ఆఖర్న ఆన్ చేసి, మొదట ఆఫ్ చేస్తే ‘ధబ్’ మనే దెబ్బ ట్వీటర్‌కు తగలదు.

సబ్‌వూఫర్ కావాలా అంటే, ఈ పరిమాణం మానిటర్లు 50 హెర్ట్జ్ దగ్గర చేతులెత్తేస్తాయి. బాస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. గేముల్లో పేలుళ్లు, ఎలక్ట్రానిక్ సంగీతం ముఖ్యమైతే 80 హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లేలా విడగొట్టి ఒకటి కలపండి. పక్కింటితో గోడ పంచుకునేవాళ్లు మాత్రం ఆ డబ్బుతో ఇయర్‌ప్యాడ్‌లు కొనుక్కోవచ్చు.