కంపోస్టబుల్ కవర్లు కొనే కర్రీ పాయింట్ వాళ్ళూ, డబ్బు కట్టేముందు సర్టిఫికెట్ నంబర్ చూడండి

కర్రీ పాయింట్ గానీ టిఫిన్ సెంటర్ గానీ నడిపేవాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను మోసపోయాను, ఇంకొకరికి ఇలా జరగకూడదని రాస్తున్నాను.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగ్ మందం 120 మైక్రాన్లకి తగ్గకూడదని 2022 డిసెంబర్ 31 నుంచి రూల్ ఉంది కదా, కంపోస్టబుల్ కవర్లకి, అంటే కుళ్ళి ఎరువుగా మారేవాటికి మాత్రం ఆ మందం లెక్క వర్తించదు. మోసం చేసేవాళ్ళకి దొరికిన సందు ఇదే. పల్చటి కవర్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ, 'ఐ యామ్ నాట్ ప్లాస్టిక్' అని అచ్చు వేసి, మామూలు కవర్‌కి రెండింతల పైన రేటు చెప్తారు. మంచి పనే కదా అని నేను 40 కిలోలు తీసుకున్నాను.

రెండో వారంలోనే మున్సిపాలిటీ వాళ్ళు తనిఖీకి వచ్చి సర్టిఫికెట్ నంబర్ ఎక్కడ అని అడిగారు. కవర్ అంతా వెతికినా లేదు. నిజమైన కంపోస్టబుల్ కవర్ మీద తయారీదారు పేరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబర్ ఉండి తీరాలి. ఫైన్ కట్టి డీలర్‌కి ఫోన్ చేస్తే వాట్సాప్‌లో ఒక సర్టిఫికెట్ ఫొటో పంపాడు, అందులో కంపెనీ పేరు వేరే, పైగా దానితో పెట్టిన టెస్ట్ రిపోర్ట్ ముడిసరుకు గుళికలది (గ్రాన్యూల్స్), కవర్‌ది కానే కాదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒక కవర్‌ని మట్టి కుండీలో పాతి చూశాను, నాలుగు నెలలైనా అలాగే ఉంది. కానీ కేవలం దాన్ని బట్టి నకిలీ అనలేం, ఎందుకంటే అసలైనవి కూడా ఎక్కువ భాగం దాదాపు 58 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ ప్లాంట్‌లోనే కుళ్ళుతాయి, మన కుండీలో ఆ వేడి రాదు. 'బయోడీగ్రేడబుల్' అన్న మాటకి అయితే అసలు విలువ ఇవ్వకండి, కంపోస్టబుల్ వేరు, అది వేరు. అలాగే మొక్కజొన్న పిండితో చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ డబ్బాలో పొగలు కక్కే సాంబారు పోశారంటే డబ్బా మెత్తబడి వంగిపోతుంది, అది 60 డిగ్రీలు కూడా తట్టుకోదు. నా దగ్గర కొన్న ఒకావిడ స్కూటీ మీదే సాంబారంతా కారిపోయింది, ఆవిడ ముఖం చూడలేకపోయాను.

కొనేముందు నంబర్ అడగండి, మండలి వెబ్‌సైట్‌లో ఉన్న జాబితాలో ఆ కంపెనీ పేరు మీరే చూసుకోండి, బిల్లు మీద 'కంపోస్టబుల్' అని రాయించుకోండి. రెండు మూడు శాంపిల్స్ తెచ్చుకుని వేడి పులుసు పోసి ఒక గంట ఉంచి చూడండి.

మంచి సరుకు అసలు లేదని కాదు. తిరుమలలో లడ్డూ ప్రసాదానికి హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబ్ తయారుచేయించిన మొక్కజొన్న పిండి సంచులు 2021లో పెట్టారు. నేను ఇప్పుడు ఇగురు, వేపుళ్ళకి చెరకు పిప్పి బాక్సులు వాడుతున్నాను (లోపల ప్లాస్టిక్ పొర ఉందేమో గోటితో గీకి చూడండి), టిఫిన్లకి అడ్డాకు విస్తర్లు. పులుసూ సాంబారూ మాత్రం స్టీలు క్యారేజీ తెచ్చుకున్నవాళ్ళకి అయిదు రూపాయలు తగ్గించి ఇస్తున్నా, రోజూ పాతికమంది దాకా తెస్తున్నారు.

మీ దగ్గర ఆకు బొమ్మ మాత్రమే ఉండి నంబర్ లేని స్టాక్ ఉంటే ఏ ఊళ్ళో కొన్నారో చెప్పండి, అదే సరుకు వేరే పేర్లతో తిరుగుతోందని నా అనుమానం.