పెద్దవాళ్లకు హై డోసా, ఇంటిల్లిపాదికీ మామూలు టీకానా?

చలికాలం దగ్గర పడుతుంటే చాలామంది ఇదే అడుగుతారు: "నాన్నకి డెబ్బై దాటాయి. ఫ్లూకి హై డోస్ టీకా వేయించాలా, మామూలుది సరిపోతుందా?" ఈసారి 78 ఏళ్ల మా అత్తగారి విషయంలో నేనూ ఇదే సందిగ్ధంలో పడ్డాను. తేలిందేమిటంటే, ప్రశ్నే కాస్త మార్చి అడగాలి.

ముందు హై డోస్ సంగతి. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల యాంటిజెన్ (రోగనిరోధక శక్తికి వైరస్‌ను పరిచయం చేసే పదార్థం) ఉంటే, ఇందులో 60 ఉంటుంది. వయసు మీద పడ్డాక రోగనిరోధక శక్తి మందగిస్తుంది కాబట్టి గట్టిగా తట్టి లేపాలన్నది దీని వెనకున్న ఆలోచన. 65 దాటినవాళ్లు దాదాపు 32,000 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. మామూలు టీకా వేసుకున్నవాళ్లతో పోలిస్తే హై డోస్ వేసుకున్నవాళ్లలో ఫ్లూ 24 శాతం తగ్గింది. అమెరికాలో 2022 నుంచి ఈ వయసువాళ్లకు హై డోస్, అడ్జువెంట్ (టీకా స్పందనను పెంచే పదార్థం) కలిపినది, రీకాంబినెంట్ (జన్యు సాంకేతికతతో తయారుచేసినది), ఈ మూడింటిలో ఒకటి వేయమంటున్నారు. ఇవేవీ దొరక్కపోతే మామూలుదే.

కాబట్టి హై డోస్ మెరుగైనదే, అందులో పేచీ లేదు. కానీ ఆ 24 శాతాన్ని తిప్పి చూడండి. మామూలు టీకా వేసుకున్నా ఫ్లూ వచ్చేవాళ్లు వందమంది ఉంటే, హై డోస్ అయితే వాళ్లలో 24 మందికి అది రాకుండా తప్పిస్తుంది. మిగతా 76 మందికి వస్తుంది.

నా మటుకు నాకు అసలు విషయం వేరే ఉంది. మా అత్తగారు గడప దాటడమే తక్కువ. మరి ఆమెకు ఫ్లూ ఎక్కణ్నుంచి రావాలి? ఆఫీసు నుంచి నేను తేవాలి, లేదా బడి నుంచి మావాడు తేవాలి. "జలుబు చేస్తే నానమ్మ గదిలోకి వెళ్లకు" అన్న నియమం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉంది. దాంతో చిక్కేమిటంటే, లక్షణాలు కనపడటానికి ఒకరోజు ముందే వైరస్ పాకడం మొదలవుతుంది. ఆ తర్వాత పెద్దవాళ్ల నుంచి 5 నుంచి 7 రోజులు, పిల్లల నుంచి ఇంకా ఎక్కువ రోజులు అంటుకునే అవకాశం ఉంది. వాడు తుమ్మేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది.

పిల్లలకు వేస్తే పెద్దవాళ్లకు మేలవుతుందా? జపాన్‌లో 1960ల నుంచి బడిపిల్లలకు ఫ్లూ టీకాలు వేసేవారు. 1994లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. టీకాలు వేసిన కాలంలో చలికాలపు అదనపు మరణాలు, ముఖ్యంగా వృద్ధులవి, తగ్గాయని, ఆపాక పెరిగాయని 2001లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. వేరే కారణాలూ ఉండొచ్చని వాదించినవాళ్లు ఉన్నారు. అంతకంటే గట్టి ఆధారం కెనడాలో హటరైట్లనే క్రైస్తవ శాఖవాళ్ల పల్లెల్లో చేసిన ప్రయోగం. కొన్ని పల్లెల్లో 3 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఫ్లూ టీకా, మరికొన్నిట్లో పోలిక కోసం హెపటైటిస్-ఎ టీకా వేశారు. ఫ్లూ టీకా వేసుకోని మిగతా జనంలో కూడా ఫ్లూ 61 శాతం తగ్గినట్టు 2010లో తేలింది. వాళ్లది బయటివాళ్లతో కలవడం తక్కువగా ఉండే ఉమ్మడి జీవనం, కనుక ఆ అంకె మన ఇళ్లకు యథాతథంగా పనికిరాదు. దారి మాత్రం సరైనదే అనిపించింది.

ఇక మిగతావి. ముక్కులో కొట్టే స్ప్రే టీకా 2 నుంచి 49 ఏళ్లవాళ్లకే, పెద్దవాళ్లకు కాదు. మాస్కు మంచిదే, కానీ కలిసి భోంచేసే ఇంట్లో ఎంతసేపు పెట్టుకుంటారు? ఆవిరి, విటమిన్ సి మాత్రలు మీ ఇష్టం, టీకాకు మాత్రం ప్రత్యామ్నాయం కావు. ఒసెల్టమివిర్ అనే ఫ్లూ మందు రెండో రక్షణ వలయం లాంటిది. డాక్టరు రాసిస్తే, లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెట్టినప్పుడే దాని వల్ల ఎక్కువ ప్రయోజనం. పెద్దవాళ్లలో ఒక్కోసారి జ్వరమే ఉండదు. తిండి మానేసి, డల్‌గా, కాస్త అయోమయంగా ఉంటారంతే. అదే గుర్తు అనుకుని డాక్టరుకు ఫోన్ చేయాలి.

మేమేం చేశామంటే, హై డోస్ ఆ వారం దొరకలేదు. టీకా పనిచేయడానికి ఎలాగూ రెండు వారాలు పడుతుంది కదా, ఎదురుచూడకుండా అత్తగారితో సహా ఐదుగురం మామూలుదే వేయించుకున్నాం. "సూదితోనే జ్వరం వస్తుందటగా" అని ఆమె గునిశారు. ఒకట్రెండు రోజులు ఒళ్లు వెచ్చబడొచ్చు కానీ, ఆ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి ఫ్లూ రాదని చెప్పాక చెయ్యి చాపారు.

అందరికీ అయిపోయిందని టెన్షన్ తీరిన సాయంత్రం గుర్తొచ్చింది. రోజూ వచ్చి ఆమెకు బీపీ చూసి, మందులిచ్చి వెళ్లే అమ్మాయిని లెక్కలోకి తీసుకోనేలేదు. ఆ అమ్మాయికి సోమవారం టీకా.